అర్జీ పట్టుకొచ్చే దెయ్యాలు



ఈ వారం కొరియా దెయ్యాల సినిమాల గురించి మాట్లాడదామని వచ్చాను. తెలుగు రేడియోలో ఇదేం విషయం అని కొందరికి అనిపించవచ్చు. ఇంట్లో హైస్కూలు పిల్లలున్నవాళ్ళకి మాత్రం ఆశ్చర్యం ఉండదు. వాళ్ళు కొరియా పాటలూ సీరియళ్ళూ దాటి ఈ దెయ్యాల దాకా ఎప్పుడో వెళ్ళిపోయారు. ఏం చూస్తోందో కనిపెడదామని మా అమ్మాయి పక్కన కూర్చోవటం మొదలుపెట్టి, ఇప్పుడు తనకంటే నేనే ఎక్కువ చూశాను.

నాకు అర్థమైనంతలో, మంచి కొరియా దెయ్యం చేతిలో ఎప్పుడూ ఒక అర్జీ ఉంటుంది. ఆ సినిమాల బలమూ అదే, బలహీనతా అదే.

జాంగ్హ్వా, హాంగ్న్యోన్ అనే అక్కచెల్లెళ్ళ కథ మనకి బాలనాగమ్మ కథలాగా అక్కడ అందరికీ తెలుసు. పేర్లకి అర్థం గులాబి, ఎర్ర తామర. సవతి తల్లి ఒక ఎలుక తోలు వలిచి అక్క పక్కబట్టల్లో పెట్టి, పెళ్ళికాని పిల్ల కడుపు పోగొట్టుకుందని నింద వేస్తుంది. అక్కని చెరువులో ముంచి చంపిస్తారు. చెల్లెలు కూడా అదే చెరువులో పడి చనిపోతుంది. తరవాత ఇద్దరూ దెయ్యాలై ఎవరి దగ్గరికి వెళ్ళారనుకున్నారు? ఆ ప్రాంతపు అధికారి దగ్గరికి! మన కలెక్టరు లాంటివాడన్నమాట. న్యాయం చెయ్యమని అడగటానికి. వచ్చిన అధికారి వచ్చినట్టే భయంతో గుండె ఆగి పోతుంటాడు. చివరికి ధైర్యం ఉన్న ఒకాయన వచ్చి, వాళ్ళు చెప్పింది పూర్తిగా వింటాడు. విచారణ జరిగి శిక్ష పడుతుంది.

ఈ కథ ఆధారంగానే 2003లో కిమ్ జీ-ఉన్ 'ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్' తీశాడు. ఆయన ఆ అధికారిని కథలోంచి తీసేశాడు. అర్జీ ఉంది, పుచ్చుకునేవాడు లేడు. ఇంట్లో తండ్రి ఉన్నాడు గానీ నోరు మెదపడు. పూల వాల్‌పేపరు అంటించిన గదులు, అన్నాల దగ్గర ఎవరూ ఎవరితో మాట్లాడని ఇల్లు. నాకు దెయ్యం కంటే ఆ భోజనాల బల్ల ఎక్కువ భయం వేసింది. మలుపు చెప్పను. 2009లో హాలీవుడ్‌వాళ్ళు దీన్ని 'ది అనిన్వైటెడ్' అని మళ్ళీ తీశారు. మలుపు మిగిలింది, ఆ మౌనం పోయింది.

ఇంతకు ముందు 1998లో 'విస్పరింగ్ కారిడార్స్' వచ్చింది. సినిమాలకి ముందస్తు సెన్సారు రాజ్యాంగ విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1996లో తీర్పిచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా ఒక ఆడపిల్లల హైస్కూలులో టీచర్లని నిలదీసే సినిమా వచ్చిందన్నమాట. పిల్లల్ని మార్కులతో పోల్చి చూసే మాస్టార్లు, కొట్టే మాస్టార్లు. చనిపోయిన పిల్ల పేర్లు మార్చుకుంటూ ఏళ్ళ తరబడి అదే బళ్ళో చదువుతూ ఉంటుంది. టీచర్లకి తెలియదు. (ఇది బయటపెట్టినందుకు క్షమించాలి, ఇది లేకుండా ఆ సినిమా గురించి చెప్పలేను.) ర్యాంకు తప్ప మొహం చూడని చోట దెయ్యం కూడా హాజరు వేయించుకోవచ్చు. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఎంసెట్‌కి చదివి వచ్చిన మనకి ఇది పరాయి కథ అనిపించదు.

ఇక లోపాలు. అర్జీ అన్నాక వివరాలు రాయాలి కదా, చాలా సినిమాలు అక్కడే చెడతాయి. గంటసేపు చక్కగా భయపెట్టి, ఆఖరి అరగంటలో ఫ్లాష్‌బాక్ ఎత్తుకుంటారు. ఎవరు ఎవర్ని ప్రేమించారు, ఎవరు చంపారు, శవం ఎక్కడ దాచారు, అన్నీ ఏడుపు సంగీతంతో విడమరిచి చెప్తారు. 2002లో వచ్చిన 'ఫోన్' చూడండి. సెల్‌ఫోన్ నంబరుకి పట్టిన దెయ్యం, అందులో చిన్నపాప నటన ఒళ్ళు జలదరించేలా ఉంటుంది. చివరికొచ్చేసరికి డైలీ సీరియల్ అయిపోయింది.

విరబోసిన జుట్టు, తెల్లబట్టలు సంగతి చెప్పాలి. పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్ల ఆత్మకి అక్కడ పాతకాలం నుంచీ అదే రూపం. కానీ జపాన్ 'రింగు' 1998లో ఆడాక దాన్ని అరగదీసేశారు. అన్యాయమైపోయేది ఆడదే, అన్యాయం చేసేదీ ఆడదే. సవతి తల్లి, అసూయపడే స్నేహితురాలు, ప్రియురాలు. మగవాడు ఎంచక్కా పక్కకి తప్పుకుంటాడు. ఇది నాకు మింగుడు పడదు.

వివరణ మానేసినవాడు నా హాంగ్-జిన్. 2016లో వచ్చిన 'ద వెయిలింగ్' రెండున్నర గంటల పైచిలుకు సినిమా. పల్లెటూరి పోలీసు, కూతురికి ఏదో పట్టింది, ఎవర్ని నమ్మాలో తెలియదు. చివరిదాకా మనకీ తెలియదు. డప్పులతో, కత్తులతో మంత్రగాడు చేసే పూజ ఒకటుంది. జాతరలో పూనకం చూసినవాళ్ళకి ఆ లయ వెంటనే పడుతుంది.

మనవాళ్ళకి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది 2024లో జాంగ్ జే-హ్యున్ తీసిన 'ఎగ్జూమా'. కొరియాలో కోటికి పైగా టిక్కెట్లు తెగాయి. కథ లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడ్డ డబ్బున్న కొరియా కుటుంబంతో మొదలవుతుంది. పుట్టిన బిడ్డకి ఏమయిందో డాక్టర్లు తేల్చలేరు. స్వదేశం నుంచి మంత్రగత్తెని పిలిపిస్తారు. ఎక్కడో కొండమీద ఉన్న తాతగారి సమాధి బాగాలేదు, దాన్ని కదపాలి అంటుంది. ఆ ఇంట్లో ప్రతి తరంలోనూ పెద్ద కొడుకుకే ఈ బాధ. తద్దినం తిథి ఏ టైమ్‌జోన్ ప్రకారం చూసుకోవాలో ఇండియాకి ఫోన్ చేసి అడిగే మనకి ఈ కథ వేరే చెప్పాలా? ఆ తాతగారు జపాన్ పాలనలో ఆ ప్రభుత్వానికి ఊడిగం చేసి సంపాదించినవాడు. వీళ్ళు అనుభవిస్తున్న డబ్బు అదే. అక్కడిదాకా నేను కదల్లేదు.

సగం దాటాక సమాధి అడుగున నిలువుగా పాతిన ఇంకో పెట్టె బయటపడుతుంది. అందులోంచి జపాన్ యోధుడి భూతం. ఇంట్లోని తప్పు కాస్తా పక్కదేశం తప్పయిపోయింది. 1910 నుంచి 1945 దాకా వాళ్ళు పడ్డ బాధ నిజమే, కాదనను. కానీ తాతగారిని అడగాల్సిన ప్రశ్న అక్కడే ఆగిపోయింది, మనవడు కూడా అడగనే లేదు.

పిల్లలతో చూద్దామనుకుంటే 2016 నాటి 'ట్రెయిన్ టు బూసాన్'తో మొదలుపెట్టండి. తండ్రీకూతుళ్ళ కథ, రక్తం ఉంటుంది గానీ హైస్కూలు పిల్లలు తట్టుకుంటారు. 'ద వెయిలింగ్' మాత్రం పిల్లలు పడుకున్నాక చూడండి. సబ్‌టైటిల్స్‌తోనే చూడండి, ఇంగ్లీషు డబ్బింగులో ఆ పూజలన్నీ తేలిపోతాయి.

ఉంటాను, సెలవు.