గుడి గడప దగ్గర బట్టల లెక్క

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సదస్సులకనీ, సర్వేలకనీ మనం ఊళ్ళు తిరుగుతూ ఉంటాం. కాస్త తీరిక దొరికితే ఆ ఊరి గుడికో, దర్గాకో, గురుద్వారాకో వెళతాం. గడప దగ్గర మన బట్టల మీద ప్రశ్న వస్తుంది: 'పద్ధతిగా వచ్చారా?' అని. ఈ పద్ధతి ఎవరిది, ఎవరికోసం అన్నది ఈరోజు మనం మాట్లాడుకుందాం.

తిరుమలలో ఆర్జిత సేవలకు వెళ్ళే స్త్రీలు చీరగానీ, లంగా ఓణీగానీ, చున్నీతో చుడీదార్ గానీ వేసుకోవాలి. అదే చుడీదార్‌తో తిరువనంతపురం పద్మనాభస్వామి గుడికి వెళితే లోపలికి పంపరు. దాని మీద ముండు, అంటే పంచె, చుట్టుకోవాలి. అక్కడా విష్ణువే, ఇక్కడా విష్ణువే. చుడీదార్‌లో ఒళ్ళంతా కప్పుకునే ఉన్నాం కదా, మరి ఆ పంచె ఏం కప్పుతున్నట్టు?

2016 నవంబరులో ఆ ఆలయ కార్యనిర్వహణాధికారి చుడీదార్‌ను అనుమతించారు. భక్తుల్లో కొందరు అడ్డుకున్నారు. డిసెంబరులో కేరళ హైకోర్టు ఆ అనుమతి చెల్లదంది. ఆచారం విషయంలో తంత్రిదే తుది మాట అంది. ఆచారం మారదంటారు గానీ, అదే రాష్ట్రంలో గురువాయూరు దేవస్వం 2007లోనే చుడీదార్‌ను ఒప్పుకుంది. మార్చాలనుకుంటే మారుతుంది. మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రాంతపు చరిత్ర మరోమాట కూడా చెబుతుంది. పాత తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు పై కులాల వాళ్ళ ముందు రొమ్ము కప్పుకోవడమే నేరం. దశాబ్దాలపాటు పోరాడి, దెబ్బలు తిని, 1859లో కప్పుకునే హక్కు సాధించుకున్నారు. అప్పుడు కూడా పై కులాల స్త్రీల తరహాలో కప్పుకోకూడదన్నారు. 'నిండుగా కప్పుకోవడం మన సంప్రదాయం' అని ఈరోజు మనకు చెప్పేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

మగవాళ్ళ సంగతీ చూడండి. కేరళలోని చాలా గుళ్ళలో వాళ్ళు చొక్కా విప్పాలి. ఒంటిమీద జంధ్యం ఉందో లేదో చూడటానికే ఈ పద్ధతి వచ్చిందనీ, దాన్ని మానాలనీ 2024 డిసెంబరులో శివగిరి మఠాధిపతి సచ్చిదానంద స్వామి అన్నారు. ఒకరిని కప్పుకోమన్నా, ఇంకొకరిని విప్పమన్నా, బట్టల మాటున నడిచేది కులం, పితృస్వామ్యం.

అలాగని ప్రతి నియమాన్నీ నేను తప్పు పట్టను. అమృత్‌సర్ స్వర్ణ మందిరంలో స్త్రీలైనా, పురుషులైనా తల కప్పుకోవాలి. గుడ్డ లేనివాళ్ళకు అక్కడే ఇస్తారు. నియమం అందరికీ ఒకటే, ఎవరినీ చిన్నబుచ్చదు. భక్తితో కొంగు కప్పుకునే స్త్రీని వెక్కిరించడం మన పని కాదు. ప్రయాణంలో సంచిలో ఒక చున్నీ, ఒక పంచె పెట్టుకోండి. అది ఓటమి కాదు, వెళ్ళిన పని చూసుకోవడం.

అయితే మనం అడగవలసినవి ఉన్నాయి. నియమం ఏమిటో బయటే, నలుగురికీ అర్థమయ్యే భాషల్లో బోర్డు మీద రాయాలి. అది స్త్రీ పురుషులిద్దరికీ సమానంగా ఉండాలి. గుడ్డ ఉచితంగా ఇవ్వాలి. ఎంతో దూరం నుంచి వచ్చి, గంటలకొద్దీ వరుసలో నిలబడ్డ కూలిమనిషిని గుడ్డ అద్దె కట్టలేదని వెనక్కి పంపకూడదు. కాపలావాళ్ళు మన ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదు, నోరు పారేసుకోకూడదు. నియమం తప్పిన స్త్రీని లోపలికి రావద్దని చెప్పవచ్చునేమో గానీ, అవమానించే హక్కు ఎవరికీ లేదు. ఈ తేడాను మన గ్రామసంఘాల్లో గట్టిగా చెప్పాలి.

మీ మీ జిల్లాల్లో గుళ్ళు, దర్గాలు, చర్చిల ముందున్న బోర్డులు చూసి, ఆడవాళ్ళకు ఎన్ని పంక్తులు రాశారో, మగవాళ్ళకు ఎన్ని రాశారో లెక్క రాసుకు రండి. వచ్చే సమావేశంలో ఆ లెక్కతోనే చర్చ మొదలుపెడదాం.