వికలాంగులకును వారిని సాకువారికిని గల ధనసహాయము



మీ గ్రామమున నెవరికెంత భూమి యున్నదో, ఎవరి కెంత అప్పున్నదో మీరెరుగుదురు. ఎవరి యింట మంచము దిగలేని బిడ్డ యున్నదో అదియు నెరుగుదురు. ఆ బిడ్డకు సర్కారునుండి రావలసిన పైకము వచ్చుచున్నదా లేదా యని విచారించువారు మాత్రము తక్కువ. కాగితము విప్పి చదివి చెప్పగలవారు మీరే కావున, ఈ సంగతి మీ యెదుటనే పెట్టుచున్నాను.

మొదట మాటను గూర్చియే చెప్పవలసి యున్నది. వికలాంగుడనగా కాలుచేతులు సరిగా లేనివాడు, చూపు లేనివాడు అనియే మన తలంపు. 1995వ సంవత్సరపు చట్టములో ఏడు విధములే యుండెను. 2016లో వచ్చిన చట్టము 21 విధములను చేర్చినది. బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మనోవ్యాధి, తలసీమియా, సికిల్ సెల్, పార్కిన్సన్ వ్యాధి, యాసిడ్ దాడికి గురియైనవారు, అన్నియు నందులో నున్నవి. ఒక తండ్రి నాతో, "మావానికి కాళ్లుచేతులు బాగుగనే యున్నవి గదండీ, వాని కేమి వచ్చును?" అనెను. ఆ పిల్లవానికి పదునాలుగేండ్లు. మాట రాదు. అన్నము తినిపింపవలెను. ఇన్నేండ్లును ఆ తండ్రి ఏ కార్యాలయపు గడపయు త్రొక్కలేదు. ఆ ఒక్కమాటయే వాని కడ్డుపడినది. ఇప్పుడు బోర్డులమీద "దివ్యాంగులు", "విభిన్న ప్రతిభావంతులు" అని వ్రాయుచున్నారు. పేరు గౌరవముగనే యున్నది. కాని ఆ బోర్డు తన బిడ్డను గూర్చియే యని పల్లెటూరి తల్లికి తెలియుటకు మరియొకరు చెప్పవలసివచ్చుచున్నది!

పింఛనుకు వయసు రావలెనను తలంపును కలదు. అది వృద్ధాప్య పింఛను మాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను వికలాంగుల పింఛనుకు వయోనియమము లేదు. పసిబిడ్డకైనను రావచ్చును. కావలసినది ముఖ్యముగ వైద్యులిచ్చు ధ్రువపత్రము. దానిలో వైకల్యము నూటికి 40 పాళ్లకు తగ్గరాదు. తెలంగాణలో వినికిడి లోపమునకు మాత్రము 51 పాళ్లు చూతురు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైనుండి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలును, పక్షవాతము మొదలగువానిచే మంచమునకో చక్రాల కుర్చీకో పూర్తిగ పరిమితమైనవారికి 15,000 రూపాయలును ఈయబడుచున్నవి. తెలంగాణలో 2023లో ఈ పింఛనును 4,016 రూపాయలకు పెంచిరి.

సదరం పత్రమని మనవారందురే, అదియే ఈ ధ్రువపత్రము. దేశమంతట చెల్లు కార్డు మరియొకటి వచ్చినది. దానిపై గీత 40కి లోపైన తెలుపు, 40 మొదలు 80 లోపల పసుపు, 80 ఆపైన నీలము. పత్రము చేతికి రాగానే పెట్టెలో దాచక, అది శాశ్వతమా తాత్కాలికమా చూడవలెను. తాత్కాలికమైనచో దానిపై గడువు తేది యుండును. ఆ తేది దాటిన పత్రము పింఛనుకు పనికిరాదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పత్రముల పునఃపరిశీలన జరిగినప్పుడు నోటీసు లందినవా రనేకులు. వైద్యుల నిర్ణయము సరికాదని తోచిన అప్పీలు చేసికొను హక్కును 2016 చట్టమే యిచ్చినది. నోటీసు చూచి ఏడ్చుచు కూర్చుండువారికి ఈ సంగతి చెప్పినవారుండరు.

క్రొత్త దరఖాస్తులను ఎల్లకాలమును తీసికొనరు. ప్రభుత్వము గడువు ప్రకటించు నాటికి పత్రము చేతనుండవలెను గాని, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తిన ప్రయోజనములేదు. గడచిన నెలల పైకమును వెనుకకు లెక్కగట్టి యిచ్చు పద్ధతియు లేదు.

ఇక సాకువారి సంగతి. అతిగా నాసరా కావలసిన వికలాంగులకు సంరక్షణ భత్యము ఈయవలెనని చట్టములోని 24వ సెక్షను చెప్పుచున్నది. కేరళలో "ఆశ్వాసకిరణం" అను పథకము క్రింద మంచమున నున్నవారిని చూచుకొనువారికే నెలకు 600 రూపాయలు నిర్ణయించిరి. మన రెండు రాష్ట్రముల పింఛనులలో సాకువారికని వేరు వర్గము లేదు. ఇది లోపమే యని నా యభిప్రాయము. కూలికి పోవలసిన తల్లి బిడ్డ ప్రక్కన కూర్చుండినచో ఆ కూలిడబ్బు ఎవరి లెక్కలోను వ్రాయబడదు. ఉన్నంతలో దక్కునవి కొన్ని మాత్రము గలవు. తోడు లేనిదే ప్రయాణము చేయజాలని అంగవికలురు, అంధులు, బుద్ధిమాంద్యము గలవారు రైలునెక్కునపుడు, వెంట వచ్చు నొక్కరికిని అదే రాయితీ లభించును. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యము గలవారికి 1999వ సంవత్సరపు నేషనల్ ట్రస్ట్ చట్టము క్రింద "నిరామయ" యను ఆరోగ్య బీమా కలదు. ఏటికి లక్ష రూపాయలవరకు వైద్యవ్యయము దొరకును. ముందుగ వైద్యపరీక్ష చేయించుకొననక్కరలేదు. అట్టి బిడ్డకు 18 ఏండ్లు నిండిన పిదప ఆస్తి వ్యవహారములలో తల్లిదండ్రుల సంతకము మాత్రమే చాలకపోవచ్చును. కలెక్టరు అధ్యక్షుడుగ నుండు స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టి చట్టబద్ధ సంరక్షకులుగ నియమింపబడవలెను. ఇంటిలో కేంద్ర ప్రభుత్వోద్యోగము చేసినవారున్నచో, సంపాదింపజాలని వికలాంగ సంతానమునకు కుటుంబ పింఛను జీవితాంతము వచ్చుటకు నిబంధనలున్నవి.

దళారీలను గూర్చి రెండు మాటలు. పాళ్లు పెంచి వ్రాయింతునని పైకము పుచ్చుకొనువా రుందురు. మోసముచేసి వికలాంగుల లబ్ధి పొందినవారికి రెండేండ్లవరకు ఖైదుగాని, లక్ష రూపాయలవరకు జుర్మానాగాని, రెండునుగాని 91వ సెక్షను విధించుచున్నది. దళారి తప్పించుకొనిపోవును, పత్రముమీద పేరు మాత్రము రోగిది. దరఖాస్తు ఏమైనదో తెలియనప్పుడు దళారి యేల? 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద వ్రాసి యడిగిన 30 దినములలో జవాబీయవలెను. మన ప్రాంతపు నిబంధనలను బట్టి గ్రామస్థాయిలో దీనికి రుసుము లేదు, మండలస్థాయిలో అయిదు రూపాయలు మాత్రమే.

ఒక చిక్కు చట్టములో కానరాదు. మంచమునున్న బిడ్డను విడిచి ఆ తల్లి మండలమునకు పోజాలదు. పోయినను సాయంకాలము లోపల రావలెను. అధికారి లేడన్నచో మరల పోజాలదు. ఇట్టి యింటికి మీలో నొకరు పోయి, పత్రము తేదియు, ఆధార్ కార్డులోని పేరును ఒక్కటిగ నున్నదియు లేనిదియు చదివి చూచి, ఆమె కార్యాలయమునకు పోవు నాడు ఇరుగుపొరుగువారిలో నొకరిని బిడ్డకడ కూర్చుండబెట్టుడు. వీలైనచో ఆమెవెంట మీరునుం బోయి, దరఖాస్తు ఇచ్చినట్లు రసీదు వ్రాయించుకొని తెండు.