పరిశీలన రాయకుండా నిర్ధారణ రాయకు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని అడిగినప్పుడు, "నేను నర్సుని, పెద్ద మాటలు రావు" అన్నాను. "నీ పని గురించే చెప్పమ్మా" అన్నారు. చాలా ఏళ్లు లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా చేసి, ఇప్పుడు ఆసుపత్రిలో నాణ్యత విభాగం చూస్తున్నాను. ఒకసారి జరిగిన పొరపాటు మళ్లీ జరగకుండా పని పద్ధతిని మార్చడమే మా విభాగం పని. అందులో మొదటి పాఠం నాకు ఈ బడిలోనే, సైన్సు రికార్డు పుస్తకంలో దొరికింది.

ఉద్దేశం, పరికరాలు, ప్రయోగ విధానం, పరిశీలనలు, నిర్ధారణ. మనందరం రాసినవే. ఒకసారి నేను ప్రయోగం చేయకుండానే పక్కమ్మాయి రికార్డు చూసి నిర్ధారణ రాసేశాను. సైన్సు మాస్టారు ఎర్ర సిరాతో, "పరిశీలన ఏది?" అని రాసి పుస్తకం వెనక్కి ఇచ్చారు. ఆ రోజు ఏడ్చాను. దాని విలువ తెలియడానికి ఒక తల్లి ప్రాణం పోవలసి వచ్చింది.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో కాన్పు అయిన వెంటనే ఒకామెకు రక్తస్రావం మొదలైంది. బ్లడ్ బ్యాంకులో ఆమె గ్రూపు రక్తం ఉంది. అది లేబర్ రూమ్‌కి వచ్చేసరికి ఆమె లేదు. మర్నాడు మీటింగు పెట్టారు. డాక్టర్లు బ్లడ్ బ్యాంకు ఆలస్యం చేసిందన్నారు. వాళ్లు మా నర్సులు కాగితం సరిగా నింపలేదన్నారు. మేం వార్డు బాయ్ దొరకలేదన్నాం. చివరికి "ఇకపై అందరూ జాగ్రత్తగా ఉండాలి" అని రాసుకుని లేచిపోయాం. కొద్ది వారాలకే మళ్లీ అదే ఆలస్యం. ఈసారి ఆ తల్లి అదృష్టం కొద్దీ బతికింది.

అప్పుడు గుర్తొచ్చింది, మేం పరిశీలన లేకుండా నిర్ధారణ రాశామని.

ముందు ఉద్దేశం రాసుకున్నాం. "సేవ మెరుగుపడాలి" అని కాదు. డాక్టరు రక్తం అడిగిన నిమిషం నుంచి అది మా చేతికి అందే నిమిషం దాకా పట్టే సమయం మూడు నెలల్లో సగం కావాలి అని. తర్వాత గోడ గడియారం కింద ఒక నోటు పుస్తకం కట్టాం. అడిగిన సమయం, శాంపిల్ తీసిన సమయం, అది బ్లడ్ బ్యాంకు చేరిన సమయం, రక్తం వచ్చిన సమయం. రెండు వారాలు ఎవరినీ తిట్టకుండా రాశాం. చూస్తే, ఎక్కువ ఆలస్యం మా గది దాటకముందే జరుగుతోంది. శాంపిల్ ట్యూబులు, ఫారాలు వేరే గది బీరువాలో ఉన్నాయి, తాళం ఒక సిస్టర్ దగ్గర ఉంది. ఫారంలో ఒక గడి ఖాళీగా ఉందని మనిషి మళ్లీ వెనక్కి వస్తున్నాడు.

ట్యూబులు, ఫారాలు ఒక డబ్బాలో పెట్టి, ఒకే ఒక షిఫ్టులో ప్రయత్నించాం. రాత్రికల్లా డబ్బా ఖాళీ. ఎవరి అవసరానికి వాళ్లు తీసేసుకున్నారు. రెండోసారి డబ్బాకు టేపు వేశాం, డ్యూటీ మారేటప్పుడు చూసి సంతకం పెట్టమన్నాం. అది నిలబడింది. అప్పుడే మిగతా షిఫ్టులకు పెట్టాం. ఆలోచించడం, చిన్నగా చేసి చూడడం, ఫలితం చదవడం, సరిదిద్దుకోవడం. దీన్ని మా రంగంలో పీడీఎస్ఏ చక్రం అంటారు. అమెరికాలో ఫ్యాక్టరీ సరుకుల నాణ్యత కోసం షూహార్ట్, డెమింగ్ వంటివారు పెంచిన ఆలోచన ఇది.

ఇంకొకటి కూడా లెక్కపెట్టాం. తొందరలో శాంపిల్ మీద పేరు తప్పు రాస్తున్నామా అని. తప్పు రక్తం ఎక్కితే ఆలస్యం కన్నా ప్రమాదం. అందుకే క్రాస్ మ్యాచింగ్ పరీక్షకు పట్టే సమయం జోలికి మేం పోలేదు.

మూడు నెలలకు అనుకున్న సగం రాలేదు. ఆలోపు నేను సెలవు మీద వెళ్లాను, తిరిగొచ్చేసరికి నోటు పుస్తకంలో పేజీలు ఖాళీ. తప్పు నాదే. పని నా తల మీద పెట్టుకున్నానే గాని, డ్యూటీ చార్టులో ఒకరి పేరు రాయలేదు. పేరు రాశాక పని మళ్లీ సాగింది. ఆరో నెలకు సగానికి తెచ్చాం.

మాది చిన్న గది కథ. పెద్ద ఉదాహరణ చెప్తాను. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. కాన్పు తర్వాత పోయే రక్తాన్ని కంటి అంచనాకు వదలకుండా, గీతలున్న సంచిలో కొలిచారు. కొలత దాటగానే తెలిసిన చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం వంటి విపత్తులు 60 శాతం తగ్గాయి. అందులో కొత్త మందేమీ లేదు. కొలత, క్రమం, అంతే. మన కేంద్ర ప్రభుత్వం 2017లో లేబర్ రూమ్‌ల కోసం మొదలుపెట్టిన 'లక్ష్య' కార్యక్రమం కూడా చిన్న చిన్న మార్పుల చక్రాలతోనే నడుస్తుంది.

మనలో చాలామంది ఊరి ఆసుపత్రికి సాయం చేయాలనుకుంటారు. సంతోషం. యంత్రం కొనివ్వడానికి ముందు, "మీకు ఎక్కడ ఆలస్యం అవుతోంది, లెక్క ఉందా?" అని అక్కడి నర్సుని అడగండి. ఒక్కోసారి టేపు వేసిన డబ్బా చాలు.

ఈ రోజు మన సంఘం బడి లేబొరేటరీ బాగు చేయిస్తానంది. చప్పట్లు నేనూ కొట్టాను. ఇంటికి వెళ్లేలోపు ఆ తీర్మానం పక్కన ఒక మనిషి పేరు, ఒక తేదీ రాద్దాం. వచ్చే ఏడాది కలిసినప్పుడు మాస్టారు "పరిశీలన ఏది?" అని అడిగితే, పుస్తకం తెరిచి చూపించగలగాలి.