దూరదూరపు వరుసల నుంచి ఒకే చార్టు

స్ప్రెడ్‌షీట్‌లో చార్టుకు కావలసిన అంకెలు ఎప్పుడూ పక్కపక్కనే ఉండవు. ఫ్లోరైడ్ సమస్యకు పేరుబడ్డ నల్లగొండ జిల్లా బోరునీటి పరీక్షల పట్టికనే తీసుకుంటే, మొదటి నిలువు వరుసలో ఊళ్ల పేర్లు, మధ్యలో పీహెచ్, కాఠిన్యం, చివర ఫ్లోరైడ్ ఉండవచ్చు. చార్టుకు కావలసింది మొదటిది, చివరిది మాత్రమే.

ఎక్సెల్‌లో ముందుగా ఊళ్ల వరుసను శీర్షికతో సహా ఎంచుకోవాలి. తరువాత కంట్రోల్ మీట నొక్కి ఉంచి, ఫ్లోరైడ్ వరుసనూ శీర్షిక నుంచే మౌస్‌తో ఎంచుకోవాలి. మాక్ కంప్యూటర్లలో కమాండ్ మీట వాడాలి. ఆపై ఇన్సర్ట్ ట్యాబ్‌లో కాలమ్ చార్టును నొక్కితే మధ్య వరుసలు లేకుండా చిత్రం వస్తుంది. రెండు ఎంపికలూ ఒకే అడ్డువరుసలో మొదలై, ఒకే అడ్డువరుసలో ముగియాలి. లేకుంటే ఒక ఊరి అంకె మరో ఊరి పేరు మీదికి పోతుంది.

వానాకాలం తరువాతి ఫలితాలు వేరే షీట్‌లో ఉంటే కంట్రోల్ మీట పనికిరాదు. చార్టుపై కుడి క్లిక్ చేసి, సెలెక్ట్ డేటాలో యాడ్ నొక్కి వాటిని చేర్చాలి. ఊళ్ల క్రమం రెండు షీట్లలోనూ ఒకటే ఉండాలి.

తాగునీటిలో ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆ అంకెను ప్రతి ఊరికీ ఎదురుగా మరో వరుసలో రాసి, గీతగా చార్టుకు కలిపితే పరిమితి దాటిన ఊళ్లు వెంటనే తెలుస్తాయి.