సారు ఫోన్‌లో ఏం చూస్తుండు?

 

నేను నా తప్పుతోటే మొదలుపెడతా. రెండేళ్ల కింద నేను, ఇంకో నలుగురు తమ్ముళ్లం పక్క గూడెం బడికి పోయినం. పదకొండు గంటలైంది. లోపల పిల్లలు గోల చేస్తున్నరు. సారు బయట బండ మీద నిలబడి ఫోన్ చూస్తుండు. వీడియో తీసిన. 'జీతం సర్కారుది, ఆటలు ఫోన్‌లో' అని రాసి గ్రూపుల్లో పెట్టిన. పొద్దుగూకే సరికి మండలమంతా తిరిగింది. నవ్వకండి, మీలో చానామంది దాన్ని ముందుకు పంపినోళ్లే.

వారం తర్వాత సారే నన్ను పిలిచిండు. తిట్టలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, 'డిగ్రీ చదివినవు గదా తమ్మీ, ఇది జర ఎక్కించు' అన్నడు. ఏ పిల్ల అక్షరాలు గుర్తుపట్టింది, ఎవరు పదాలు చదివిండ్రు, ఎవరు వాక్యం చదివిండ్రు, కూడిక ఎవరికొచ్చు, తీసివేత ఎవరికొచ్చు, అన్నీ ఒక్కో పిల్ల పేరు మీద నింపాలె. బడిలో సిగ్నల్ లేదు, ఆ బండ మీదనే వస్తది. పదకొండు మంది పిల్లల వివరాలు ఎక్కించడానికి నాకు గంటన్నర పట్టింది. రెండుసార్లు సగంలో పోయి మళ్లీ మొదటికొచ్చింది. ఐదు తరగతులకు ఆయనొక్కడే సారు. నేను వీడియో తీసిన మరునాడు తనిఖీ ఉండె. ఆ లోపల ఎక్కియ్యకపోతే 'పని చేయలేదు' అని పడతది. ఎక్కించేటప్పుడు తరగతి ఉండదు. తరగతి చెప్తే ఎక్కియ్యడం ఉండదు. వీడియో తీసేసిన గానీ, అప్పటికే చూసినోళ్ల మనసులోంచి ఎట్ల తీసేస్త?

అప్పటి నుంచి టీచర్లు కనపడితే ఒకటే అడుగుతున్న: మీ పాఠాన్ని చూడటానికి ఎవరన్నా వస్తే మీకు ఎట్ల ఉంటది?

కేంద్రం 2021లో నిపుణ్ భారత్ పెట్టింది. మన తెలంగాణలో 2022 ఆగస్టులో తొలిమెట్టు మొదలైంది. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలన్నది దాని ఉద్దేశం. పరీక్ష పెడతరు, అధికారులు వచ్చి తరగతిలో కూర్చుని పాఠం చూస్తరు. ఇది వద్దని నేను అనను. మూడో తరగతి పిల్ల తన పేరు రాసుకోలేకపోతే అడిగేటోళ్లు ఉండాలె. నెలల తరబడి తాళం తీయని బడులు మనకు తెల్వనివి కావు. నా గోస వేరే.

మా చిన్నమ్మ బిడ్డ ఆశ్రమ పాఠశాలలో సీఆర్టీ. మన మనిషే, గోండి మాట్లాడుతది. ఒకరోజు ఒక అధికారి వచ్చి ఒకటో తరగతిలో కూర్చున్నరు. బొమ్మల కార్డు చూపించి, కుండలోంచి పోస్తున్నది ఏంటిదని ఒక పిల్లను అడిగిండ్రు. పిల్ల 'ఏర్' అన్నది. 'ఏరు కాదమ్మా, ఏరంటే వాగు. ఇవి నీళ్లు' అని ఆయన నవ్విండు. షీటులో తప్పు పడ్డది.

మీరంతా ఇప్పుడు తల ఊపుతున్నరు. ఏర్ అంటే మన భాషలో నీళ్లే గదా! పిల్ల సరిగ్గనే చెప్పింది. అక్కకు ఆ సంగతి తెలుసు. కానీ నోరు తెరవలేదు.

ఎందుకు చెప్పలేదక్కా అంటే, 'చెప్తే, అయితే మీరు తెలుగు నేర్పుతలేరా అంటరు. నా రెన్యువల్ ఏడాదికోసారి ఉంటది తమ్ముడూ' అన్నది. రోజూ ఆమె తరగతిలో మొదలు గోండిలో చెప్పి, ఆ తర్వాత తెలుగులోకి తీసుకపోతది. పిల్లలు ఏడవకుండా బడిలో కూర్చునేది అందుకే. తనిఖీ ఉన్నదంటే మాత్రం ముందురోజే పిల్లలకు చెప్తది, రేపు గోండి మాట్లాడొద్దని. ఇగ పిల్లలు బిగుసుకపోతరు. ఆ మౌనం చూసి 'విద్యార్థుల స్పందన తక్కువ' అని రాసి పోతరు. ఆమె చేసే పనిలో అన్నిటికన్న విలువైనదాన్ని అధికారి వచ్చిన రోజే దాచిపెట్టాల్సి వస్తుంది. ఇది చెప్పుకుంట అక్క ఏడ్చింది. నాకు ఏం అనాల్నో తోచలేదు.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలని చెప్తున్నది. అక్క చేస్తున్నది చట్టం చెప్పిన పనే. ఆ పనికి షీటులో గడి లేదు.

ఈ గడి సంగతి చిన్నది అనుకోకండి. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇయ్యాలని 2000 జనవరి 10న జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటి నుంచి మనం ధర్నాలు చేస్తున్నం, వినతిపత్రాలు ఇస్తున్నం. మన భాష తెలిసిన టీచరుంటే పిల్లలు నేర్చుకుంటరని అంటున్నం. రుజువేదని అడిగితే ఏం చూపిస్తం? ఇన్నేళ్ల తనిఖీ కాగితాలన్నీ తిరగేసినా, టీచరుకు పిల్లల భాష వచ్చా రాదా అన్న మాట ఉండకపోతే మన వాదనకు ఆధారం ఎక్కడి నుంచి వస్తది? లెక్కలో రాయని పని జరగనట్టే అయితది.

ఇదేం కొత్త ముచ్చట కాదు. మన మార్లవాయిలోనే 1940లలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ పెట్టించిండు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చేయించిండు. నిజాం కాలంలో అర్థమైన సంగతి ఇప్పుడు ఫోన్‌లో గడి పెట్టడానికి కష్టమైతున్నది!

ఐటీడీఏకు ఇచ్చే వినతిపత్రంలో ఈసారి ఇది కూడా రాద్దాం. ఒకటి, రెండు తరగతుల పిల్లలను నోటితో అడిగే పరీక్షకు గోండి గూడేలకు గోండి తెలిసినోళ్లు, కోలాం గూడేలకు కోలామి తెలిసినోళ్లు రావాలె. పాఠం చూసినోళ్లు ఏం రాసిండ్రో దాని నకలు టీచరుకు ఇయ్యాలె, ఆమె జవాబు రాసుకోవడానికి కింద జాగా ఉండాలె. అక్కకు తన మీద ఏం రాసిండ్రో ఈరోజు దాకా తెల్వదు.

మనం చేసేది కూడా ఉన్నది. బడి కమిటీలో మన తల్లులున్నరు. వచ్చే మీటింగుకు వాళ్లతోటి ఇద్దరిద్దరు పోండి. ఫోన్ జేబులోనే పెట్టుకుని ముందు సారును అడగండి, ఈ నెలలో ఎన్ని పూటలు ఎక్కించే పనికి పోయినయో. నోటుబుక్కులో తేదీలతో సహా రాసుకోండి. బడికి రాని సారుంటే అది కూడా రాయండి, దాయకండి. నేను ఆ బండ ఉన్న గూడెం రాసుకున్న. మిగతా గూడేల పేర్లు ఇప్పుడే పంచుకుందాం, ఆ చివర కూర్చున్నోళ్లు ముందుకు రండి.