ఆకు మిడతను గుర్తింపుడు

గ్రామ పంచాయతీ సభ్యులారా!

వానలు కురిసిన పిదప కొండల నానుకొనియున్న పల్లెలలో రాత్రి దీపము వెలిగింపగా, పచ్చని ఆకువంటి పురుగొకటి గోడపై వ్రాలుట మీరు చూచియుందురు. అదియే ఆకు మిడత. దానిని చూచి మిడతల దండు వచ్చినదని భయపడ నవసరము లేదు. ఆ సంగతి వివరించుటకే నేడు మీ యెదుటికి వచ్చితిమి.

ఆకు మిడత రెక్కలపై ఆకు ఈనెలవంటి గీతలుండును. మీసములు దారపు పోగులవలె సన్ననివై శరీరముకంటె పొడవుగా నుండును. దండు మిడతకు మీసములు పొట్టివి. ఆడ ఆకు మిడతకు తోకకడ కత్తివంటి గొట్టముండును. దానితో గ్రుడ్లు పెట్టును. మగది రాత్రివేళ ముందు రెక్కలను రాచి కూయును. ఆ కూత వినుటకు చెవులు ముందుకాళ్లపై నున్నవి!

వీనిలో మెకోపోడా అను పెద్ద ఆకు మిడతలు దక్షిణ భారతముననే గాక ఆగ్నేయాసియా, చైనాలందును గలవు. కొన్ని పచ్చనివి, కొన్ని ఎండుటాకు రంగువి. చూపునకు ఒకటిగా తోచు దక్షిణాది మెకోపోడాలలో ఐదు విధముల కూతలు గలవని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2006లో ప్రకటించిరి. ఆకు మిడత కొంత ఆకు తినును గాని, ఎడారి మిడతవలె దండుగా వచ్చి పైరు నూడ్చివేయదు.

2020లో ఎడారి మిడతల దండు రాజస్థానము, మధ్యప్రదేశము, మహారాష్ట్రములలో పడినది. ఆ మే నెలలోనే కుప్పమునకు పొరుగుననున్న కృష్ణగిరి జిల్లాలోను, అనంతపురము జిల్లా రాయదుర్గము ప్రాంతములోను మిడతలు గుంపులుగా కానరాగా రైతులు కలవరపడిరి. పరీక్షింపగా అవి పసుపు, నీలి చారలుగల జిల్లేడు మిడతలని తేలినది. వాని ముఖ్యాహారము జిల్లేడాకు.

తొందరపాటువలన నష్టమేమి? పలమనేరు, కుప్పము ప్రాంతములలో మల్బరీ సాగుచేసి పట్టుపురుగులను పెంచు కుటుంబములు గలవు. పొరుగు చేనిపై చల్లిన పురుగుమందు గాలికి మల్బరీ ఆకుపై పడినచో, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చును. ఆ కుటుంబము శ్రమ యంతయు వ్యర్థమగును.

కావున మిడతలు కానవచ్చినపుడు మొదట మీసము చూడుడు. పొడవైనచో దండు మిడత కాదు. పొట్టిదైనచో రెండు మూడింటిని సీసాలో పట్టి, ఏ పైరుపై, ఎన్ని, ఏ వేళ కనబడినవో వ్రాసి, వ్యవసాయ శాఖ వారికిగాని, తిరుపతి శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాలకుగాని చూపవలెను. వారు చెప్పిన పిదపనే మందు కొనవలెను. ఈ విషయమును రానున్న గ్రామసభలో అందరికిని తెలియజేయ గోరుచున్నాము.