మా ఇంటి నవ్వు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగము)

 

ఈ వేదిక నాకు క్రొత్తది కాదు. 31 సంవత్సరములు ఈ పాఠశాలలో తెలుగు చెప్పితిని. వార్షికోత్సవమునాడు తెర వెనుక నిలిచి, పిల్లలు మరచిన మాట లందించుట నా పనిగా నుండెడిది. ఐనను నేడు ఇచ్చటికి వచ్చుటకు ముందు చాల తటపటాయించితిని. మావారు పోయిన తరువాత నేను శుభకార్యములకు పోవుట మానితిని. ఎవరును రావలదని అనలేదు. రమ్మని గట్టిగా అన్నవారును లేరు. మన వాడలలో ఆ సంగతి చెప్పకయే తెలియును. సంఘమువారు నాలుగుసార్లు మా ఇంటికి వచ్చి, “టీచరమ్మా, ఈసారి మీరు తెర ముందర నిలువవలెను” అనిరి. ఏమి మాటలాడుదునని అడిగితిని. మీకు బాగుగా తెలిసినదేదైన చెప్పుడనిరి. నాకు బాగుగా తెలిసినది 53 ఏండ్ల కాపురము. కనుక మావారిని గూర్చియే చెప్పుదును.

1969లో మా పెండ్లి జరిగినది. మా రెండు కుటుంబములును తాతల కాలమున కరీంనగరము వైపునుండి మగ్గముపని వెదకికొనుచు షోలాపూరు చేరినవే. క్రొత్త దంపతులు గడప దాటునపుడు ఆడపడుచులు అడ్డు నిలిచి పేర్లు చెప్పుమనుట మన ఆచారము. మా మరాఠీ ఇరుగుపొరుగువారు ‘ఉఖాణా’ చెప్పవలెనని పట్టుబట్టిరి. అనగా భర్త పేరు కలిపిన చిన్న పద్యము. నాకు సిగ్గుచేత నోరు పెగలలేదు. అప్పుడు మావారు ముందుకు వచ్చి, మరాఠీలో మొదలిడి, కన్నడములో నడిపి, తెలుగులో ముగించి, నా పేరుతోబాటు మా అత్తగారి పేరును, వాకిట కట్టిన మేక పేరును గూడ కలిపి చెప్పివేసిరి. వాకిలియంతయు నవ్వినది. తల వంచుకొని రావలసిన క్రొత్తకోడలు పండ్లన్నియు కనబడునట్లు నవ్వుచు ఇంట అడుగుపెట్టినదని మా అత్తగారు చాలకాలము చెప్పుకొనెడివారు.

సాంచాలపై చాదరులు నేయుట వారి వృత్తి. ఒక షెడ్డులో 20 సాంచాలు ఒక్కసారి ఆడుచుండగా ప్రక్కనున్నవాని కేకయైనను వినబడదు. అందుచేత నేతపనివారు శబ్దము లేకుండ పెదవులు మాత్రము కదలించి మాటలాడుకొందురు. ఎదుటివారు పెదవులు చూచి గ్రహింతురు. మావారు ఆ విద్యలో దిట్ట. ఇంట పెద్దల నడుమ బుద్ధిగా కూర్చుండి, పెదవులతో నాకేదో చెప్పెడివారు. ఆరు నెలలలో నేనును నేర్చితిని. మా మామగారు ధర్మము బోధించుచుండగా కోడలికి నవ్వు వచ్చిన తప్పంతయు వారిదే.

మా వాడలో అనేకమంది ఆడువారికి బీడీలు చుట్టుట జీవనాధారము. మధ్యాహ్నవేళ చాటలు ఒడిలో నుంచుకొని వేపచెట్టు క్రింద పదిపదునైదుగురు కూర్చుండెడివారు. రాత్రిపాళీ చేసి వచ్చిన దినములలో మావారు కొంత నిద్రించి లేచి, వారికి పుస్తకము చదివి వినిపించెడివారు. వారు చదివినది ఏడవ తరగతి మాత్రమే. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’ వారికి ప్రాణము. పార్వతీశము దొరసానుల టోపీ కొని నెత్తిన పెట్టుకొనిన ఘట్టము రాగానే, తాము ఒక చాట నెత్తిన పెట్టుకొని దొరవలె నడచి చూపెడివారు. నవ్వు పట్టలేక ఆడువారు ఆకులు చింపుకొనెడివారు. “ఈ అన్న చదివితే లెక్క తప్పుతది” అని కసరుకొనుచునే, చదువని దినమున “ఇయ్యాల పుస్తకం లేదా అన్నా?” అని మా వాకిట నిలిచెడివారు. అక్షరము రాని ఆ తల్లులలో పెక్కుమంది తమ బిడ్డలను మన పాఠశాలలో చేర్చిరి. “ఆ నవ్వుల పుస్తకం చదువ నేర్పు టీచరమ్మా” అని ఒక తల్లి నా చేతిలో తన కుమార్తె చేయి పెట్టినది. అంతకు మించిన దరఖాస్తు నా ఉద్యోగకాలమున నేను చూడలేదు.

నవ్వించువాడు కష్ట మెరుగడని తలపరాదు. ఒక ఏడు వారు పనిచేయు కార్ఖానా మూతబడి, ఏడు నెలలు కూలి లేకపోయెను. నా జీతముతో ఆరుగురము తినవలెను. అప్పుడు వారు ఆడువారి సరసన కూర్చుండి బీడీలు చుట్టిరి. తోటి మగవారు పరిహసించిరి. “పడుగు పేకలు తెలిసిన వేళ్ళకు ఆకు తెలువదా?” అని వారు నవ్వి ఊరకుండిరి. ఒకనాటి నడిరేయి నాకు మెలకువ వచ్చి చూడగా, దీపమైన లేకుండ గోడ కానుకొని కూర్చుండియుండిరి. నన్ను చూచి, “పంతులమ్మా, నా మొగం సెలవు పెట్టింది. పొద్దుగాల పనికి వస్తది” అనిరి. నేను నవ్వలేకపోతిని. వారి చేయి పట్టుకొని ప్రక్కనే కూర్చుంటిని. తెల్లవారినది, ముఖమును పనికి వచ్చినది. ఆ నవ్వు ఎంత శ్రమతో నేసిన బట్టయో నాకు ఆ రాత్రి తెలిసినది.

వారి హాస్యము ఎల్లప్పుడు మేలే చేసినదని చెప్పిన అబద్ధమగును. మా అమ్మాయిని చూచుటకు వచ్చిన ఒక వియ్యపువారు కానుకల జాబితా చదువుచుండగా, “ఇన్ని రాసిన్రు, నన్ను రాసుడు మరిచిన్రు” అని వారనిరి. వచ్చినవారు ఫలహారమైన ముట్టక లేచిపోయిరి. మూడు దినములు నేను వారితో పలుకలేదు. తరువాత ఆ అమ్మాయికి కుదిరిన సంబంధము చూచి, ఆ మూడు దినముల మాటలను వడ్డీతో చెల్లించితిని.

ఏండ్లతరబడి సాంచాల మోత విన్నవారికి వినికిడి తగ్గుననియు, ఆ విధముగా పోయినది మరల రాదనియు వైద్యులు చెప్పుదురు. మావారి చెవులును అట్లే పోయినవి. చెవిలో యంత్రము పెట్టించితిమి. “దీనికి మనిషి మాట, కుక్క అరుపు ఒక్కటే” అని దానిని పెట్టెలో దాచిరి. మరల పెదవులే శరణ్యమైనవి. మా మనుమడు పూణెలో ఇంగ్లీషు బడిలో చదువుచుండెను. వానికి తెలుగు అర్థమగునుగాని నోట రాకుండెను. 2015 వేసవిలో, ఎనిమిదేండ్ల ప్రాయమున, వాడు మరాఠీలో ఎంత అరచినను తాతకు అందలేదు. మావారికి మరాఠీ చక్కగా వచ్చును. కాని సాంచాల నడుమ తెలుగు పెదవులను చదివిన కంటికి తెలుగే చిక్కెడిది. బిడ్డడు విధిలేక ఒక్కొక్క తెలుగుమాట పెదవులపై నిలుపుట నేర్చెను. సెలవులు ముగియునప్పటికి తాతామనుమలు చప్పుడు లేకుండ పొడుపుకథలు వేసికొనుచుండిరి. “దినమంత ఉరుకుతడు, ఇల్లు దాటడు, ఊరందరికి బట్ట కట్టిస్తడు. ఎవడు?” అని తాత, “నాడె!” అని మనుమడు. పాఠశాలలో 31 ఏండ్లు తెలుగు చెప్పిన నేను ఇంట చేయలేని పనిని ఆ చెవిటితనము చేసినది.

2022లో శ్రావణ పూర్ణిమకు వారము దినముల ముందు వారు వెళ్ళిపోయిరి. ఏటేట జంధ్యము మార్చుకొని మార్కండేయుని రథము వెంట నడచెడి మనిషి లేకుండ ఆ ఏడు రథము మా వీధిని దాటినది. ఏడాదిపాటు నేను నవ్వలేదు. నవ్విన వారిని మరచినట్లగునని తలచితిని. సాంవత్సరికము నాడు ఇంటినిండ బంధువులు కూర్చుండగా, పదునారేండ్ల మనుమడు గది ఆవలి మూలనుండి నావైపు చూచి పెదవులు కదలించెను: “తాత ఉంటే ఈపాటికి గారెలు లెక్క పెడుతుండె, అమ్మమ్మా.” నాకు నవ్వు వచ్చినది; పైకే వచ్చినది. అందరును తిరిగి చూచిరి. నాకు సిగ్గు కలుగలేదు. వారు మా ఇంట విడిచిన ఆస్తి అదొక్కటే. దానిని పెట్టెలోబెట్టి తాళము వేయుట వారికి సమ్మతము కాదని ఆనాడు గ్రహించితిని.

తల్లిదండ్రులారా, 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పినది. ఆ హక్కును కాపాడుకొనుటకు ఈ సంఘము పాటుపడుచున్నది. కాని బిడ్డ ఏ భాషలో నవ్వవలెనో ఏ అధికరణమును విధింపజాలదు. మేము బడిలో అక్షరము నేర్పుదుము. వేళాకోళము, బుజ్జగింపు, పొడుపుకథ మీ ఇంటినుండి రావలెను. రాత్రి అన్నము తినువేళ ఒక్క తెలుగు చమత్కారము మీ బిడ్డతో పంచుకొనుడు. పేలవముగా నున్నను ఫరవాలేదు. మావారివి సగము పేలవమైనవే.

మరియొక్క విన్నపము. భర్తను గోలుపోయిన ఆడువారు మీ వాడలలో నుందురు. వారిని సభలకు, పండుగలకు పిలువుడు. ఒకసారి రాకపోయిన నాలుగుసార్లు పిలువుడు. నేను అట్లే వచ్చితిని.

వెనుక వరుసలో కొందరు బాలురు ఇంతసేపటినుండి చప్పుడు లేకుండ పెదవులు కదలించుచు నవ్వుకొనుచున్నారు. ఉపాధ్యాయులు వారిని మందలింపవలదని కోరుచున్నాను. వారేమనుచున్నారో నాకు తెలిసినది, బాగుగనే యున్నది.